మంచునదులమీది సత్రములు

1827వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమందలి సొలొతూర్న్ పట్టణపు ఉపాధ్యాయుడు ఫ్రాంజ్ జోసెఫ్ హూగి యనునతడు ఉంటరార్ అను మంచునదిమీద ఱాళ్లతో ఒక చిన్న కుటీరమును కట్టించెను. మంచును, చుట్టునున్న శిలలను పరిశీలింప వచ్చినవారికి రాత్రివేళ తలదాచుకొనుటకు చోటు లేకుండుటయే దానికి కారణము. మూడేండ్లు గడచిన పిమ్మట, 1830లో, అతడు మరల అచటికి పోయి చూడగా కుటీరము కట్టినచోట లేదు. సుమారు నూఱు మీటర్లు పల్లమునకు దిగియుండెను. 1836 నాటికి అది ఏడువందల మీటర్లకు పైగా జరిగినది. తరువాత లూయీ అగాసీ పండితుడు దాని శిథిలములను గుఱుతించి కొలిచినపుడు 1,200 మీటర్లకు మించి ప్రయాణము చేసియుండెను. ఇల్లు నడువలేదు, ఇంటిక్రింది నేల నడిచినది. మంచునది నిజముగా నదియే యనియు, గడ్డకట్టియుండియు తన బరువుచేత తానే మెల్లమెల్లగా ప్రవహించుచుండుననియు లోకమునకు ప్రత్యక్షముగా చూపిన సాక్షులలో ఈ గుడిసె యొకటి.

కృష్ణాగోదావరీ తీరములందు పుట్టి పెరిగిన మనకు మంచునది యెట్లుండునో ఊహించుకొనుట కష్టము. ఎత్తైన కొండలలో ఏటేట కురియు హిమము వేసవిలో పూర్తిగా కరగక మిగిలిపోవుచు, పొరమీద పొర చేరి, పైపొరల బరువునకు క్రిందిపొరలు అణగి, తుదకు నీలిగాజువంటి గడ్డగా మాఱును. ఆ గడ్డ లోయను నింపుకొని పల్లమునకు జరుగును. జరుగునపుడు వంపులయందును, నేల ఎగుడుదిగుడులయందును అది చీలి నూతులవంటి బీటలు పడును. కొన్నియెడల ఆ బీటలపై క్రొత్తహిమము పైకప్పువలె క్రమ్ముకొని, చూచువానికి అంతయు చదునైన బయలువలె కానవచ్చును. కావున మంచునదిని దాటువారు ఒంటరిగా పోరాదు. నలుగురైదుగురు ఒక త్రాటికి నడుములు కట్టుకొని, ఒకరికొకరు ఎడముగా నడువవలెను. ముందువాడు బీటలో పడినచో వెనుకవారు నిలద్రొక్కుకొని పైకి లాగుదురు. ఆ త్రాటికి కులము లేదు, బిరుదు లేదు. కాని సాయంకాలమున త్రాడు విప్పి కుటీరము చేరినపిమ్మట ఆ సమానత్వము నిలిచినదా లేదా యనునదే ఈ వ్యాసమునందు విచారింపవలసిన సంగతి.

హూగి తన గుడిసెను వెదకికొనిన ఆ 1830వ సంవత్సరముననే, మే నెలలో, ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిరి. ఏ యూరిలో సత్రము కలదో, ఎచట బ్రాహ్మణుల యిండ్లు కలవో, ఎచట దినుసులు దొరకునో ఆయన తన యాత్రాచరిత్రమున శ్రద్ధతో వ్రాసిపెట్టిరి. చదువరులు ఆ గ్రంథమును మరల తిరుగవేసినచో ఒకటి గమనింపగలరు. బాటసారికి ముందు కలుగు చింత రాత్రి ఎక్కడ పండుకొందునని. ఆ వెంటనే కలుగునది ఎవరి సరసన పండుకొందునని. ఈ రెండవ చింత మన దేశమునకు మాత్రమే పరిమితమని తలచువారు కలరు. ఆల్ప్స్ పర్వతముల చరిత్ర అట్లు చెప్పుట లేదు.

అగాసీ సంగతి కొంచెము చెప్పవలయును. 1840వ సంవత్సరపు వేసవిలో న్యూషాటెల్ పట్టణమందలి ఈ ఆచార్యుడు డెజోర్, ఫోగ్ట్ మొదలగు మిత్రులతో కూడి అదే ఉంటరార్ మంచునదిపై విడిది చేసెను. నదీమధ్యమున ప్రవాహముతోపాటు కదలుచున్న ఒక పెద్ద బండ వారికి కప్పు. దాని ప్రక్కలకు ఱాళ్లు పేర్చి గోడ కట్టిరి. లోపల గడ్డి, కంబళ్లు పఱచుకొనిరి. ముందఱ వంట చేసికొనిరి. ఆ బిలమునకు ‘న్యూషాటెల్ వారి హోటలు’ అని నవ్వులాటకు పేరిడి, బండమీద తమ పేళ్లు చెక్కిరి. పగలెల్ల మంచులో రంధ్రములు తొలిచి వేడిమిని కొలుచుట, గుంజలు పాతి ప్రవాహవేగమును లెక్కించుట. రాత్రి అందఱును ప్రక్కప్రక్కల ఒదిగి పండుకొనుట. మఱుసటి యేడు అగాసీ త్రాడు కట్టుకొని ఒక మంచునూతిలోనికి దిగి, లోపలి పొరలను చూచుచు చూచుచు నూటయిరువది అడుగుల లోతున చల్లని నీటిలో కాలు మోపెను. పైవారు అతని కేకలను సరిగా గ్రహించి పైకి లాగుటచే బ్రతికెను. ఒకప్పుడు భూమియందు చాలభాగమును మంచు కప్పియుండెనను సిద్ధాంతమును లోకముచేత ఒప్పించినవారిలో ఇతడు ముఖ్యుడు. ఇంతటి బుద్ధిశాలి 1846లో అమెరికాకు పోయిన తరువాత నల్లజాతివారు వేఱుగా సృష్టింపబడిన హీనజాతియని వాదించుటకు పూనుకొనెను. ఱాతిచఱియలయందలి గీతలను చదివి లక్షల ఏండ్లనాటి వృత్తాంతమును చెప్పగలిగిన కన్నులు ఎదుటి మనుష్యుని ముఖమును చదువలేకపోయినవి. పాండిత్యము వేఱు, సంస్కారము వేఱు అనుటకు మన పండితులనుండియే ఉదాహరణములు కావలసినన్ని కలవు గాని, ఇది పరదేశపు ఉదాహరణము గనుక ఎవరికిని కోపము రాదు.

మంచుకొండలలో బాటసారులకు ఆశ్రయమిచ్చుట పండితులతో మొదలుకాలేదు. స్విట్జర్లాండునుండి ఇటలీకి పోవు మహాసెయింటు బెర్నార్డు కనుమపై, సముద్రమట్టమునకు సుమారు 2,470 మీటర్ల యెత్తున, పదునొకండవ శతాబ్దము నడుమ మెంతోన్‌కు చెందిన బెర్నార్డు అను మతగురువు ఒక ధర్మశాలను నెలకొల్పెను. వచ్చినవాడు ఎవడని అడుగక అన్నమును, పడకయు ఇచ్చుట అచటి నియమము. మంచుగాలులలో దారితప్పినవారిని వెదకుటకై అచటి సన్న్యాసులు పెంచిన కుక్కలు లోకప్రసిద్ధములు. వానిలో బారీ యను కుక్క 1814లో చనిపోగా దాని చర్మమును కూరి నిలిపిన రూపము నేటికిని బెర్న్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఉన్నది. 1800 మే నెలలో నెపోలియను తన సేనతో ఈ కనుమ దాటెను. చక్రవర్తుల పేళ్లు గోడలమీద నిలుచును. ఆ దారిని ఉప్పుమూటలతోను, గొఱ్ఱెలతోను నడిచిన వేలకొలది బీదలు ఆ గృహపు అన్నము తిని బ్రతికిరని చెప్పు శాసనము ఉండదు. మన యన్నసత్రములతో దీనిని పోల్చి చూచుకొనవచ్చును. ఒక భేదము మాత్రము కలదు. మన సత్రములు పెక్కింటిలో మొదట పంక్తి యేదని అడిగి, పిదప విస్తరి వేయుదురు.

పందొమ్మిదవ శతాబ్దమునందు కొండలెక్కుట సంపన్నులకు వినోదమయ్యెను. 1857లో లండనునందు ఆల్పైన్ క్లబ్బు ఏర్పడినది. న్యాయవాదులు, ఆచార్యులు, మతాధికారులు మొదలగువారు దానిలో సభ్యులు. తమ దేశపు కొండలను గూర్చి తెలిసికొనుటకు ఇంగ్లీషువారి పుస్తకములు చదువవలసివచ్చుచున్నదను సిగ్గుతో థియొడోర్ సిమ్లర్ అను స్విస్ రసాయనశాస్త్రజ్ఞుడు తనవారిని కూడగట్టెను. 1863 ఏప్రిలులో ఓల్టెన్ పట్టణమున స్విస్ ఆల్పైన్ క్లబ్బు పుట్టినది. ఆ యేడే టోడి పర్వతమువద్ద గ్రూన్‌హోర్న్ అనుచోట మొదటి కుటీరము కట్టిరి. నేడు ఆ క్లబ్బువారి కుటీరములు నూటయేబదికి పైగా కలవు.

ఈ కుటీరములలో పేరుగన్నది ఆలెచ్ మంచునదిపై నున్న కొంకోర్డియా. ఆలెచ్ నది ఆల్ప్స్ పర్వతములందలి మంచునదులన్నింటను పొడుగైనది. ఇరువది కిలోమీటర్ల మేర సాగియున్నది. పైభాగమున మూడు పెద్ద మంచుప్రవాహములు కలియు విశాలమైన బయలునకు కొంకోర్డియా యని పేరు. ఆ మాటకు సామరస్యమని అర్థము. మనవారు చూచినచో త్రివేణీసంగమమని పిలిచియుందురు. అచట మంచు ఎనిమిదివందల మీటర్ల లోతువఱకు ఉన్నదని కొలిచిరి. ఏటికి నూటయేబది మీటర్లకు మించి అది జరుగుచుండును. బయలునకు ప్రక్కనున్న ఱాతిచఱియపై 1877లో మొదటి కుటీరము కట్టిరి. నేడు చాలమంది యుంగ్‌ఫ్రౌయోఖ్ అను శిఖరద్వారమువఱకు రైలులో వచ్చి, అచటినుండి కాలినడకను మంచుపై దిగి దీనిని చేరుదురు. ఆ రైలుదారిని 1896నుండి 1912వఱకు పర్వతగర్భమున తొలిచిన ఇటలీ కూలీలలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. 3,454 మీటర్ల యెత్తున రైలు దిగి ఫొటోలు తీసికొనువారికి ఆ సంగతి తట్టదు.

వీపున మూట, చేత మంచుగొడ్డలి, బూట్లకు ఉక్కుముండ్లు, నడుమునకు త్రాడు. ఇవి యాత్రికుని సొత్తు. మూటలో ఏది అధికమైనను మూడవగంటకు భుజమే చెప్పును; అందుచేత ఈ యాత్ర చేసినవారికి గృహమునందలి సామగ్రిలో ముప్పాతికపాలు నిరర్థకమని తోచుట సహజము. ఉదయపు మంచు గట్టిగా నుండి అడుగుక్రింద కరకరలాడును. మధ్యాహ్నమునకు అది మెత్తబడి, బీటలమీది కప్పులు కూలుటకు సిద్ధముగా నుండును. ఎండపొద్దున పైనుండి వెలుగు, క్రిందినుండి దాని ప్రతిఫలనము. నల్లకండ్లద్దములు లేనివానికి సాయంకాలమునకు చూపు మందగించును. మంచుమీద పాఱు సెలయేళ్లు ఒక్కసారిగా నీలిరంగు నూతులలోనికి దూకి మాయమగుచుండును. వాని ఘోష వినుచు నడుచుటలో ఒక విధమైన ఆనందమును, దానిని అంటిపెట్టుకొని ఒక భయమును కలదు. ఆ భయము నిష్కారణము కాదు. 1926లో లోట్చెన్ లోయనుండి వచ్చి ఈ మంచుపై తప్పిపోయిన ముగ్గురు అన్నదమ్ముల యవశేషములు 2012లో గాని బయటపడలేదు. ఎనుబదియాఱేండ్లు మంచు వారిని మోసికొనిపోయి క్రింద దింపినది.

కుటీరమున జీవితము చూచినకొలది ముచ్చటైనది. వచ్చినవారు బూట్లను వాకిట విడిచి, అచటనున్న పాదరక్షలను తొడుగుకొందురు. మన యింటి ఆచారమే! పిమ్మట పుస్తకమున తమ పేళ్లను, ఎచటినుండి వచ్చినది, ఱేపు ఎచటికి పోవునది వ్రాయుదురు. ఇది వట్టి లాంఛనము గాదు; వ్రాసినవాడు అనుకొన్న చోటికి చేరనియెడల ఏ దారిని వెదకవలయునో ఆ పంక్తియే చెప్పును. పడకశాలలో గోడ పొడుగునను ఒకే యరుగు. దానిమీద వరుసగా పఱుపులు, ఒక్కొక్క తలగడ, ఒక్కొక్క కంబళి. బాంకి యధికారి ప్రక్కన వడ్రంగి, ఆ ప్రక్కన విద్యార్థిని, ఆవల ఎవరో గుఱ్ఱువెట్టు ముసలివాడు. భోజనమునకు పొడుగు బల్లలు. ఖాళీగా ఉన్నచోట కూర్చుండవలెను గాని ఎన్నుకొనుట లేదు. వేడి చారు, రొట్టె, ఉడికించిన దుంపలో సేమియావంటి పిండివంటకమో ఒకే కుండనుండి అందఱును వడ్డించుకొందురు. ఎత్తైనచోట్ల నీరు మంచు కరగించియే సంపాదింపవలెను గనుక స్నానమను మాట ఎవరును ఎత్తరు. మంచునది దాటవలసినవారిని కుటీరరక్షకుడు తెల్లవాఱుజామున మూడుగంటలకే లేపును. కావున రాత్రి తొమ్మిదికే దీపములు మలుగును. ఆ లేచుట, చీకటిలో ఒకరి దీపమున ఇంకొకరు త్రాటిముడి సరిచూచుట, అనవసరముగా ఎవరును మాటాడకుండుట చూచినవారికి ఏదో వ్రతము జరుగుచున్నట్లు తోచును.

అన్నింటికంటె నాకు మెచ్చదగినదిగా తోచునది శీతకాలపు గది. రక్షకుడు క్రిందికి దిగిపోయి కుటీరము మూసిన నెలలలోను ఒక గది తలుపు తెఱచియే యుండును. లోపల కట్టెలు, పొయ్యి, కంబళ్లు ఉండును. వచ్చినవాడు వాడుకొని, ఊడ్చి, కట్టెలు చీల్చి పేర్చి, గోడనున్న పెట్టెలో రుసుము వేసి పోవును. చూచువారు లేరు, అడుగువారు లేరు.

ఇంత చెప్పిన పిమ్మట ఆ తలుపులు ఎవరికి మూయబడెనో చెప్పకున్న అన్యాయమగును. 1808లోనే మరీ పారడీ యను షమొనీ గ్రామపు పనిపిల్ల మాంట్ బ్లాంక్ శిఖరమును చేరెను. 1838లో ఆంరియెట్ డాంజెవిల్ అను నలుబదినాలుగేండ్ల స్త్రీ, పావడాక్రింద ఉన్ని షరాయిలు తొడిగికొని, తన స్వంత యత్నముచే అదే శిఖరము నెక్కెను. అంతకుముందు ఆమె బంధుమిత్రులు ఆమెకు మతి చలించినదని తలచిరి. 1871లో లూసీ వాకర్ మాటర్‌హార్న్ నెక్కిన మొదటి స్త్రీయయ్యెను. ఈ పని స్త్రీలకు అశక్యమని అటుపిమ్మట ఎవరైన అనగలరా? అనిరి. 1907లో స్విస్ ఆల్పైన్ క్లబ్బు స్త్రీలను సభ్యత్వమునుండి తొలగించెను. వారు ఊరకుండక 1918లో స్త్రీల ఆల్పైన్ క్లబ్బును స్థాపించుకొనిరి. లండనునందు స్త్రీలు 1907లోనే తమ క్లబ్బును వేఱుగా పెట్టుకొనియుండిరి. అచటి పురుషుల క్లబ్బు 1974లో గాని తలుపు తీయలేదు. స్విట్జర్లాండునందు స్త్రీలకు దేశపు ఎన్నికలలో వోటుహక్కు 1971లో వచ్చినది. ఆల్పైన్ క్లబ్బులో చోటు అంతకంటెను ఆలస్యముగా, 1980లో, రెండు సంఘములును కలిసినపుడు దొరకినది! పార్లమెంటుకంటె కొండమీది గుడిసెకు ఆచారబలము హెచ్చు.

జర్మను ఆస్ట్రియను ఆల్పైన్ సంఘమున ఇంతకంటె హేయమైన పని జరిగెను. మొదటి మహాయుద్ధానంతరము దాని శాఖలు అనేకములు యూదులను చేర్చుకొనమని నియమములు వ్రాసికొనినవి. వెలివేయబడినవారును, వారిని సమర్థించినవారును కలిసి 1921లో వియన్నాలో డోనౌలాండ్ అను శాఖను పెట్టుకొనగా, 1924లో ఆ శాఖనే మాతృసంఘమునుండి వెడలగొట్టిరి. యూదులు రావలదను పలకలు కొన్ని కుటీరముల ద్వారములపై వ్రేలాడినవి. వెలుపల హిమపాతము, లోపల వెచ్చని పొయ్యి, నడుమ జాతి నడుగు పలక! దీనిని చదివి యూరపుఖండము అనాగరికమని మనము ముక్కుమీద వ్రేలిడుకొనుటకు ముందు, మన యూళ్లలో నీటిబావిచెంతను, సత్రపు అరుగుమీదను ఏమి జరిగెనో, కొన్నిచోట్ల ఇంకను ఏమి జరుగుచున్నదో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మనకు పలక వ్రాయు శ్రమ కూడ లేకపోయెను.

ఎదురు నిలిచినవారును అదే నేలయందు పుట్టిరి. 1895లో వియన్నాలో ఉపాధ్యాయుడగు గేయొర్గ్ ష్మీడ్ల్, కమ్మరియగు ఆలోయిస్ రోరౌయెర్, అప్పటికి విద్యార్థియు తరువాత ఆస్ట్రియా దేశాధ్యక్షుడును అయిన కార్ల్ రెన్నర్ మొదలగువారు కలిసి ‘ప్రకృతిమిత్రులు’ అను కార్మికసంఘమును స్థాపించిరి. ఆదివారమొక్కటే సెలవుగల కూలివానికి కొండగాలి దక్కవలెనని వారి పట్టుదల. ఆల్ప్స్ కొండలలో పెద్దభాగము అప్పుడు ప్రభువుల వేటభూములు, దారులు మూయబడియుండెను. అందుచే వారు ఒకరినొకరు కలిసినపుడు ‘కొండ స్వేచ్ఛ’ అని పలుకరించుకొనిరి. తమ కుటీరములను సెలవుదినములందు తామే ఱాళ్లుమోసి కట్టుకొనిరి. ఆ సంఘమును 1933లో జర్మనీయును, 1934లో ఆస్ట్రియాయును నిషేధించినవి. ఱాళ్లుమోసి కట్టిన యిండ్లను జప్తు చేసిరి.

బీద విద్యార్థులకు దారియిల్లు చూపినవాడు రిఖార్డ్ షిర్మాన్ అను బడిపంతులు. 1909 ఆగస్టు 26వ తేదీన తన పిల్లలతో కాలినడకను పోవుచుండగా బ్రోల్ లోయలో గాలివాన వారిని చుట్టుకొనెను. సెలవులచే ఖాళీగా నున్న ఒక గ్రామపాఠశాలలో వారు దూరిరి. ఒక రైతు గడ్డియు, పాలును ఇచ్చెను. పిల్లలు నిద్రించిరి, పంతులు మేల్కొనియుండెను. ఉఱుములు వినుచు అతడు చేసిన యాలోచన యిది: సెలవులలో దేశమందలి బళ్లన్నియు ఖాళీయే గదా, ఒక్కొక్క దినపు నడక దూరమున ఒక్కొక్క బడిలో పడకలు వేసినచో దేశమంతయు పిల్లలకు తెఱచిన పుస్తకమగును. 1912లో ఆల్టెనా కోటయందు మొదటి స్థిరమైన యువజన వసతిగృహము తెఱవబడెను. అప్పటి మూడంతస్తుల కొయ్యమంచములను నేటికిని అచట చూడవచ్చును. తమ పడక తామే సర్దుకొనుట, గిన్నెలు తోముట, నేల తుడుచుట, వేళకు పండుకొనుట నియమములు. గృహరక్షకులను జర్మనులు ‘వసతితండ్రి’, ‘వసతితల్లి’ అని పిలుచుదురు. ఇంగ్లండున 1930లో ఇట్టి సంఘము ఏర్పడి, రాత్రికి ఒక షిల్లింగు చొప్పున పుచ్చుకొని, మోటారులో వచ్చినవారికి చోటు లేదనెను. నడిచియో సైకిలుపైనో వచ్చినవారికే పడక.

1915 క్రిస్మసు సమయమున షిర్మాన్ వోజ్ పర్వతములలో సైనికుడుగా నుండెను. గంటలు మ్రోగినంతనే జర్మనులును ఫ్రెంచివారును తుపాకులు దించి రొట్టెయు సారాయియు మార్చుకొనుట అతడు కన్నులార చూచెను. ఈ పిల్లలు యుద్ధభూమికి రాకముందే ఒకరినొకరు కలిసికొను చోటు ఉండిన నేమని అతనికి తోచెను. 1932లో ఆమ్‌స్టర్‌డామునందు పదునొకండు దేశముల సంఘములు కూడి అంతర్జాతీయ సంఘముగా ఏర్పడినవి; అతడు దానికి అధ్యక్షుడయ్యెను. మఱుసటి యేడే జర్మనీ వసతిగృహములన్నియు హిట్లరు యువజనదళము చేతబడెను. 1936లో షిర్మాన్ అంతర్జాతీయాధ్యక్షతనుండియు తొలగవలసివచ్చెను. ఒకే కప్పుక్రింద నిద్రించుట చాలు, మనుష్యులు సోదరులగుదురు అని నమ్మువారు ఈ సంవత్సరములను మఱువరాదు. కప్పు ఎవరి యధికారమున నున్నదను ప్రశ్న మిగిలియే యుండును.

మన రాష్ట్రములందు వసతిగృహమను మాటకు విద్యార్థుల సంక్షేమగృహమనియే మొదట అర్థము స్ఫురించును. అట్టి గృహములనుండియు మంచునదికి దారి యొకటి ఏర్పడినది. 2014 మే 25వ తేదీన, సాంఘికసంక్షేమ గురుకులములలో చదువుకొనుచున్న మాలావత్ పూర్ణ యను గిరిజన బాలికయు, సాధనపల్లి ఆనందకుమార్ అను దళిత బాలుడును ఎవరెస్టు శిఖరమును చేరిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. భువనగిరి బండమీద మొదట త్రాడు పట్టిన ఆ పిల్లలు, డార్జిలింగున శిక్షణపొంది, టిబెట్టువైపునుండి రోంగ్‌బుక్ మంచునది దారిని పైకెక్కిరి. తొల్లి సత్రపు పంక్తిలో చోటు దొరకనివారి సంతతి వారు. ఇరువురును సామాన్యపు పడకశాలలో, వరుస మంచములమీద పెరిగినవారు.

ఈ తలుపులన్నియు ఒక్కొక్కటిగా తెఱచుకొనిన కాలముననే మంచునదులు కరగిపోవుచున్నవి. 2022, 2023 సంవత్సరములలోనే స్విట్జర్లాండు మంచునదులు తమ ఘనపరిమాణమున పదియవవంతును గోల్పోయినవి. బొగ్గును, రాతినూనెను మండించిన మన నాగరకతయే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. ఆ మంచును చూచుటకు విమానములలో వచ్చువారి సంఖ్య ఏటేట పెరుగుటయు ఈ కథలో భాగమే. ట్రిఫ్ట్ కుటీరమునకు పూర్వము మంచునదిమీదుగా దారి. మంచు సన్నగిల్లి దారి తెగిపోగా 2004లో ఆ కనుమపై వ్రేలాడు వంతెన కట్టవలసివచ్చెను.

ఆలెచ్ నదిక్రింద ఫీష్ అను గ్రామము కలదు. పూర్వము అచట మంచునది పెరిగి పొలములను మ్రింగుచు, వరదలు తెచ్చుచుండెను. గ్రామస్థులు 1678లో భగవంతుని యెదుట, తాము సన్మార్గమున నడుచుకొందుమని మ్రొక్కి, మంచునది పెరుగకుండ నాపుమని వేడుకొనిరి. మూడువందల యేండ్లకు పైగా ఆ ప్రార్థన చేసిరి. మంచునది తగ్గనే తగ్గినది, తగ్గుచునే పోయినది. అప్పుడు వారు మ్రొక్కును మార్పుకొనుటకు రోమునందలి పోపును అనుమతి యడుగగా 2010లో లభించినది. ఇప్పుడు మంచునది తగ్గకుండ కాపాడుమని ప్రార్థించుచున్నారు. ప్రార్థనవలన మంచు నిలుచునా యని మనలో హేతువాదులు నవ్వవచ్చును. మూడువందల యేండ్ల మ్రొక్కును కాలము మాఱినదని గ్రహించి మార్చుకొనిన ఆ పల్లెవారి వివేకము మన పంచాంగకర్తలయందు నేను కాన లేదు.

కొంకోర్డియానుండి పడమటగా ఒక దినము నడిచి కనుమ దాటినచో యాత్రికుడు లోట్చెన్ లోయకు దిగును. ఆ లోయలో బ్లాటెన్ అను కొయ్యయిండ్ల పల్లె యుండెను. 2025 మే నెలలో పైనున్న కొండ విఱిగి బిర్చ్ అను మంచునదిపై పడుచుండగా అధికారులు సుమారు మూడువందలమంది గ్రామస్థులను ముందుగానే తరలించిరి. 28వ తేదీన మంచునది యంతయు ఒక్కసారిగా కూలి పల్లెలో చాలభాగమును పూడ్చివేసినది. ఒక ప్రాణము పోయినది.

కొంకోర్డియా కుటీరము మాత్రము చఱియపై తన చోటనే యున్నది. 1877లో కట్టిననాడు అది మంచునకు సుమారు ఏబది మీటర్ల యెత్తున నుండెను. నేడు మంచు నూటయేబది మీటర్లకు పైగా క్రిందికి దిగినది. సాయంకాలమునకు అలసివచ్చిన యాత్రికుడు త్రాడు విప్పుకొని, వీపుమూటతో, ఱాతికి బిగించిన ఇనుపమెట్లు నాలుగువందలకు పైగా ఎక్కవలెను. మంచు తగ్గినకొలది ఆ మెట్లకు అడుగున క్రొత్తమెట్లు చేర్చుచున్నారు.